కట్టినవారు - కాచినవారు

నాగరికత అనగానే రాజప్రాసాదాలు, దేవాలయాలు, కావ్యాలు స్ఫురణకు వస్తాయి. వాటన్నిటికంటె ముందు మానవుడు నీటిని అదుపు చేయడం నేర్చుకొన్నాడు. ఆ పని చేయడానికి ఒక తరం చాలవచ్చు; చేసినదానిని నిలుపుకొనడానికి తరతరాల శ్రద్ధ కావాలి. కంభం చెరువును, తొలినాటి గ్రీకు నాగరికతను ప్రక్కప్రక్కన ఉంచి పరిశీలిస్తే ఈ సత్యం బోధపడుతుంది.

మార్కాపురం, గిద్దలూరుల నడుమ ఉన్న కంభం సీమలో వానలు తక్కువ. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ వానకాలంలో పొంగి, వేసవికి సన్నగిల్లుతుంది. ఆ ఏటికి అడ్డంగా, రెండు కొండల నడుమనున్న ఇరుకు కనుమలో, పూర్వులు 57 అడుగుల ఎత్తున కట్ట వేశారు. 16వ శతాబ్దంలో శ్రీకృష్ణదేవరాయల రాణి, గజపతుల ఆడపడుచు అయిన వరదరాజమ్మ దీనిని కట్టించినదని ప్రతీతి. కొండలే ఇరువైపుల గోడలు కావడంచేత చిన్న కట్టతోనే విశాలమైన జలాశయం ఏర్పడింది. ఈ నేర్పు ఒక్కనాటిది కాదు. 1369 నాటి పోరుమామిళ్ల శాసనం మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను వివరించింది. కొండల నడుమ గట్టి రాతికట్ట ఆ అంగాలలో ఒకటి.

గ్రీసు కూడ కొండల దేశమే. క్రీస్తుకు పూర్వం 1600 ప్రాంతంలో అక్కడ మైసీనియన్ నాగరికత వికసించింది. ఆ దేశంలోని కొపాయిస్ అనే పల్లపు నేలలో చుట్టుప్రక్కల కొండల నీరు చేరి మడుగు కట్టేది. కంభంలో లేమి సమస్య కాగా, అక్కడ మిగులు సమస్య అయింది. క్రీ.పూ. 13వ శతాబ్దం నాటికి మైసీనియన్లు కరకట్టలు పోసి, కాలువలు త్రవ్వి, కొండల అడుగున సహజంగా ఏర్పడిన బిలాలలోనికి నీటిని మళ్లించి ఆ నేలను సాగులోనికి తెచ్చారు.

క్రీ.పూ. 1200 ప్రాంతంలో వారి ప్రాసాదాలు దగ్ధమయ్యాయి. ఏలికలతోపాటు ధాన్యం, గొర్రెలు, నూనెల లెక్కలు వ్రాసిన లేఖకులూ అంతరించారు. వారి లిపిని 1952లో మైకేల్ వెంట్రిస్ ఛేదించేవరకు ఎవరూ చదువలేకపోయారు. కాలువలను కాచే చేతులు కరవై కొపాయిస్ మళ్లీ మడుగయింది. 19వ శతాబ్దం చివరగాని ఆ నేల తిరిగి బయటపడలేదు. కొద్దిమంది గుప్పిట్లో ఉన్న విద్య వారితోనే అడుగంటింది.

గ్రీకులు మళ్లీ తలయెత్తినప్పుడు ఈ స్థితి మారింది. క్రీ.పూ. 8వ శతాబ్దం నాటికి వారు ఫినీషియన్ల అక్షరాలను స్వీకరించి, అచ్చులకు గుర్తులు ఏర్పరచుకొన్నారు. చదువు ప్రాసాదాన్ని దాటి వర్తకుల, వృత్తిపనివారల చెంతకు చేరింది. లోయలలో వెలసిన నగరరాజ్యాలలో ఊరి వ్యవహారం క్రమంగా పౌరుల వ్యవహారమయింది.

విజయనగర సామ్రాజ్యానికి 1565లో గొడ్డలిపెట్టు తగిలింది. అయినను కంభం చెరువు కొపాయిస్ వలె చేజారిపోలేదు. ఆ కాలంలో చెరువుల పోషణ కేవలం రాజధానిపై ఆధారపడలేదు. చెరువును కట్టించి బాగుచేసేవారికి దశబంధ మాన్యాలు ఉండేవి. తూము తెరచి వంతుల ప్రకారం నీరు పంచడానికి నీరుగంటి ఉండేవాడు. పాలకులు మారినను ఆయకట్టు రైతులకు చెరువుతో బంధం తెగలేదు.

2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ కంభం చెరువును, పోరుమామిళ్ల చెరువును వారసత్వ కట్టడాలుగా గుర్తించింది. అది తెలుగువారు గర్వించదగిన గౌరవం. కాని గౌరవపత్రం పూడిక తీయదు. వరద వచ్చిన ప్రతిసారీ చెరువులో ఒండ్రు చేరుతూనే ఉంటుంది. కట్టపై మొలచిన ప్రతి చెట్టూ వేళ్లతో రాళ్లను కదిలిస్తూనే ఉంటుంది. వరదరాజమ్మ పేరు జనుల నాలుకలపై నిలిచింది. ఏటేటా పూడిక తీసినవారి పేర్లు ఎక్కడా లేవు. వారి పని మాత్రం ఆయకట్టు పొలాలలో పచ్చగా కనిపిస్తున్నది. ఆ పనిని అందిపుచ్చుకొనవలసినది నేటి యువతరమే.