యంత్రము లేని యంత్రవిద్య

ఒడ్డున కూర్చుండి ఈత నేర్చుకొనువానిని చూచి లోకము నవ్వును. సొంతముగ కంప్యూటరు లేని విద్యార్థి, రూళ్ల నోటుపుస్తకములో సి భాషలో ప్రోగ్రాములు వ్రాసికొని, వాని నడకను వ్రేళ్లపై లెక్కించుకొనుచుండగా చూచినవారికిని అట్టి నవ్వే వచ్చుట సహజము. కాని ఈ శాస్త్రచరిత్రను కొంచెము వెనుకకు తిప్పి చూచినచో ఆ నవ్వు పెదవులమీదనే ఆగిపోవును. ఏలయన, ఈ విద్యకు ఆద్యురాలని పలువురు చెప్పు ఏడా లవ్‌లేస్, నదియే పుట్టకమునుపు ఈదిన మనిషి.

చార్లెస్ బాబేజీ ఊహించిన ఎనలిటికల్ ఇంజనును గూర్చి ఫ్రెంచిభాషలో వెలువడిన వ్యాసము నొకదానిని ఇంగ్లీషులోనికి పరివర్తించి, 1843లో దానికి తాను చేర్చిన వివరణలలో, బెర్నూలీ సంఖ్యలను ఆ యంత్రము గణింపవలసిన క్రమమును ఆమె ఒక పెద్ద పట్టికగా కూర్చెను. ఆ యంత్రమన్ననో ఆమె కాలమున గాని, బాబేజీ కాలమున గాని పూర్తికానే లేదు. ఏ మెట్టున ఏ రాశి మారునో, ఏ గడిలోని సంఖ్య ఏ గడిని చేరునో వరుసగా చూపు ఆ పట్టికకును, నేటి మన ఇంజనీరింగు విద్యార్థి పరీక్షాపత్రముపై గీసికొను డ్రై రన్ పట్టికకును వంశమొక్కటే.

అంతదూర మేల? 1963లో కాన్పూరు ఐఐటీకి ఐబీఎం 1620 వచ్చిన కాలమున మన దేశమున ఫోర్‌ట్రాన్ నేర్చినవారిలో కంప్యూటరు సొంతముగ గల విద్యార్థి ఎవ్వడును లేడు. కోడింగు కాగితముపై వ్రాసినదానిని 80 నిలువువరుసల అట్టకార్డులపై రంధ్రములుగ పొడిపించి, కట్టగట్టి అప్పగించి, ఫలితమునకై వేచియుండుటయే ఆనాటి విద్యాభ్యాసము. ఒక్క కామా తప్పినను ఆ నిరీక్షణకు దక్కునది ఎర్రరు సందేశమే. మరల కార్డు పొడిపింపవలెను, మరల వేచియుండవలెను. తప్పునకు వెల అంత యెక్కువైనందున, కట్టను చేయి జార్చుటకు ముందు దానిని పలుమారులు మనసులో నడిపి చూచుకొనక తీరెడిది కాదు. ఆ లేమి అందరికిని సమానము గనుక దానిని దారిద్ర్యమని ఎవ్వరును అనలేదు.

నేటి లేమి అట్టిది కాదు. అమీర్‌పేటలో మైత్రీవనము చుట్టుపట్ల కిక్కిరిసిన తరగతిలో పాఠము విని, జిరాక్సు నోట్సు చంకబెట్టుకొని హాస్టలు గది చేరినవానికి, పక్కమంచముపై మిత్రుని ల్యాప్‌టాపు వెలుగుచుండును. దానిని అడుగుటకు మోమాటము, అడుగకుండుటకు పరీక్షాభయము. కళాశాల ల్యాబులోనన్ననో యంత్రమొకటి, విద్యార్థులు ముగ్గురు. కీబోర్డు చిక్కినవాడు ధన్యుడు, తక్కినవారు వాని భుజముమీదుగా చూచి, అవుట్‌పుట్‌ను రికార్డులో ఎక్కించుకొని, వైవాకు సిద్ధపడుదురు.

కాగితము గొప్ప గురువనుటలో నాకు సందేహము లేదు. లూపు తిరిగినప్పుడెల్ల పాత విలువను కొట్టివేసి క్రొత్తది వ్రాసికొనువానికి, యంత్రగర్భమున జరుగు వ్యవహారము కన్నులకు కట్టును. కాని ఆ గురువునకు దాక్షిణ్య మెక్కువ. మనము వ్రాసినదానిని విడిచి, మనము తలచినదానినే చదివి తలయూపును. ఫాక్టోరియల్ ప్రోగ్రామునే చూడుడు. ఏడింటికి 5040, ఎనిమిదింటికి 40320. కాగితముపై రెండును సుఖముగ ఇముడును. మన కళాశాలలలో చిరకాలము రాజ్యమేలిన టర్బో సి లో, సామాన్యమైన ఇంట్ వేరియబుల్‌తో దానిని నడిపినచో, 16 బిట్ల ఆ గడిలో 32767కు మించినది పట్టదు గనుక, ఎనిమిదింటి ఫాక్టోరియల్ -25216 అని యంత్రము నిస్సంకోచముగ ప్రకటించును. ధనసంఖ్యలనే గుణించుచు పోయి ఋణసంఖ్యను చేరిన ఆ క్షణమున కలుగు విస్మయము వంద పుటల పాఠమునకు సాటి; అది నోటుపుస్తకములో ఎన్నటికిని కలుగదు. ఏడా పట్టికలోనే, నాలుగవ గణనమున భాజ్యభాజకములు తారుమారై అచ్చుపడినవి. ఆమె పొరపాటో, అచ్చువారిదో గాని, కాదని చెప్పు యంత్రము లేనందున ఆ తప్పు గ్రంథస్థమై నిలిచినది.

కావున, లేనివాడే బాగుగ నేర్చునని, తాము ఒడిలో ల్యాప్‌టాపు పెట్టుకొని ఉపదేశించువారి మాట నాకు రుచింపదు. ఆలోచించుటకు కావలసిన శ్రమను పేదవాడు తానే తెచ్చుకొనగలడు. ఆ ఆలోచనలోని తప్పును నిర్మొగమాటముగ చూపు యంత్రమును మాత్రము ఇతరులు సమకూర్పవలసియున్నది. ఇప్పుడు చేతిఫోనులోనే పైథాన్ నడుచుచున్నది, మంచిదే. కాని బ్రాకెట్టు బ్రాకెట్టునకు కీబోర్డు మార్చుకొనుచు పది పంక్తులు వ్రాయగలవాడు ప్రాజెక్టు మొత్తమును అందులోనే వ్రాయవలెననుట న్యాయము కాదు.

యంత్రములు లేని కళాశాలలకంటె, ఉన్నవానికి సాయంకాలము గంట కొట్టగనే తాళము వేయు కళాశాలలను చూచినప్పుడు నాకు చింత యెక్కువ కలుగును. పిల్లలు ముట్టిన చెడునని భయము కాబోలు! వాడుకచేత చెడినదానిని బాగుచేయించవచ్చును. వాడకయే పాతబడినదానికి చికిత్స లేదు. రాత్రి కొంతసేపు ఒక గది తెరచియుంచుటకు అగు కరెంటు ఖర్చును, కావలివాని జీతమును లెక్కించి జంకు యాజమాన్యములు, ఆ గదిలో -25216ను చూచి ఉలికిపడి, ఏల వచ్చెనని రాత్రియంతయు వెదకు పిల్లవానిని గూడ ఆ లెక్కలో ఒక పద్దుగా వేసికొన్నచో, నష్టమెవ్వరిదో వారికే తేలును.