తాగుడు పాటలు – ఒక వైద్యుని జ్ఞాపకాలు



గత నెలలో దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక ఫంక్షన్ హాలులో మా బంధువుల ఇంటి షష్టిపూర్తి వేడుక జరిగింది. భోజనాల అనంతరం ఒక పెద్దమనిషి మైకు పుచ్చుకొని 'దేవదాసు' చిత్రంలోని తాగుడు పాట అందుకున్నారు. గొంతు బాగుంది, శ్రుతి తప్పలేదు. హాలులోని వారంతా చప్పట్లు చరిచారు. నా చేతులు మాత్రం లేవలేదు. ప్రక్కన కూర్చున్న మా తోడల్లుడు "ఏమండీ డాక్టరుగారూ, ఘంటసాల పాట కూడా మీకు నచ్చలేదా?" అని అడిగారు. అంతమందిలో చెప్పలేని సమాధానాన్ని గడ్డిఅన్నారంలోని మా ఇంటికి తిరిగివచ్చి, తీరికగా ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. పాటల మీద నాకు ద్వేషం లేదు. మద్యం ఉన్న ప్రతి దేశంలోను మద్యం మీద పాట ఉంది. ఇంగ్లండు, ఐర్లండు జానపద గాయకులకు ఇటువంటి పాటలు కోకొల్లలు. 'జాన్ బార్లీకార్న్' అనే పాటలో బార్లీ గింజను ఒక మనిషిగా భావిస్తారు. అతనిని భూమిలో పాతిపెట్టి, కోసి, కొట్టి, తిరుగలిలో విసరి చంపుతారు. చివరకు అతడు పానీయమై, తనను చంపినవారినే పడగొడతాడు. వ్యవసాయం, మరణం, పునర్జన్మ అన్నీ అందులో ఉన్నాయి. ఐర్లండువారి మరొక పాటలో నిచ్చెన మీదనుండి పడి మరణించిన కూలివాని శవజాగరణలో కొట్లాట జరిగి, విస్కీ చుక్కలు మీద పడగానే శవం లేచి కూర్చుంటుంది. 'ద వైల్డ్ రోవర్' అనే పాటలోని తిరుగుబోతు డబ్బంతా తాగుడుకు తగలేసి, ఇక ఆ త్రోవ త్రొక్కనని శపథం చేస్తాడు. విచిత్రమేమిటంటే, మానేస్తానన్న ఆ పాటనే పానశాలల్లో బల్లలు చరుస్తూ, గ్లాసులు ఎత్తి పాడుకుంటారు!

మనమూ తక్కువ తినలేదు. నేను నల్లగొండ జిల్లా పల్లెలో పుట్టినవాడిని. తాటివనం ప్రక్కన కల్లు మండువ, సాయంత్రం అక్కడ చేరే కాయకష్టం జీవులు, తాటాకు రేకలో వంపిన కల్లు, రెండవ రేక తరువాత మొదలయ్యే పాట, ఇవి నా బాల్యంలోని నిత్యదృశ్యాలు. మోకు, ముత్తాదు కట్టుకొని ప్రాణాన్ని పణంగా పెట్టి చెట్టెక్కే గీత కార్మికుని కష్టం మీద, అతడు కొలిచే కాటమయ్య మీద కూడా పాటలున్నాయి. బోనాలలో అమ్మవారికి కల్లు సాక పోస్తారు. మా ప్రాంతంలో పెండ్లికి, చావుకు, చుట్టం రాకకు కూడా కల్లు ఉండవలసిందే. పండితులకూ ఈ విషయం రుచించింది. నెల్లూరు సీమకు చెందిన కవికోకిల దువ్వూరి రామిరెడ్డిగారు ఉమర్ ఖయ్యామును 'పానశాల' పేరుతో ఎంతో మధురంగా తెలుగు చేశారు. అక్కడ మధువు ఒక ప్రతీక. కాని ప్రతీకకు కాలేయం ఉండదు. పాడేవానికి, వినేవానికి ఉంటుంది.

ఇక 'దేవదాసు'. శరత్‌చంద్రుని నవల 1917లో అచ్చయింది. వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వంలో తెలుగు చిత్రం 1953లో వచ్చింది. నేను పసివాడిగా ఉన్నప్పటి మాట. మా తరం పెరిగి పెద్దయ్యేసరికి భగ్నప్రేమికుడంటే చేతిలో సీసా, ప్రక్కన కుక్క, నోట పాట అన్న బొమ్మ స్థిరపడిపోయింది.

నాకొక మిత్రుడు ఉండేవాడు. ఒకే ఊరు, ఒకే బడి. నేను వైద్యం చదివాను, అతడు తెలుగు ఉపాధ్యాయుడు అయ్యాడు. 1980 ప్రాంతంలో నేను ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారిగా ఉన్నప్పుడు అతడు ఆ ప్రక్క ఊరి పాఠశాలలోనే పనిచేసేవాడు. శనివారం సాయంత్రం మా క్వార్టర్సులో నలుగురం చేరేవాళ్ళం. అతని గొంతు అద్భుతం. మొదట బిడియపడేవాడు. ఒక గ్లాసు లోపలికి వెళ్ళాక దేవదాసు పాటలన్నీ వరుసగా వచ్చేవి. "మందు పడితేనే మావాడి గొంతు విచ్చుకుంటుంది" అని మేము మురిసిపోయేవాళ్ళం. ఆ గ్లాసులో విస్కీ పోసింది ఎవరో కాదు, నేనే. మద్యం వలన కాలేయం ఎట్లా పాడవుతుందో పరీక్షలో వ్రాసి ఉత్తీర్ణుడనైన నేనే.

శనివారాలు క్రమంగా బుధవారాలయ్యాయి. నాకు బదిలీ అయింది. అతనికి పాట వినేవారు లేకపోయినా గ్లాసు మాత్రం మిగిలింది. 1991లో మొదటిసారి కామెర్లతో నా వద్దకు వచ్చాడు. మానేశాడు, మళ్ళీ మొదలుపెట్టాడు. తరువాత పొట్టలో నీరు చేరింది. దానినే జలోదరం అంటారు. కాలేయం గట్టిపడి, రక్తం దాని గుండా ప్రవహించలేక, అన్నవాహిక అడుగున సిరలు ఉబ్బి, ఒక రాత్రి అవి పగిలాయి. రక్తం వాంతి చేసుకున్నాడు. 1996లో, నలభైఅయిదవ ఏట, నా కళ్ళ ముందే కన్నుమూశాడు.

దశదినకర్మ నాడు నేను అతని భార్యను పలకరించబోయి, ఏదో ఒకటి చెప్పాలని "ఎంత గొప్పగా పాడేవాడమ్మా" అన్నాను. ఆమె తల వంచుకునే నెమ్మదిగా ఇలా అన్నది: "అవును అన్నయ్యగారూ. మీరు పాట విన్నారు. పాట అయిపోయాక ఇంటికి వచ్చిన మనిషిని నేను చూశాను."

ముప్పది సంవత్సరాలు కావస్తున్నది. ఆ మాటకు నా వద్ద ఇప్పటికీ సమాధానం లేదు. హాలులో నా చేతులు లేవకపోవడానికి కారణం ఇదే.

ఇక వైద్యవిషయాలకు వస్తాను. మద్యం కొద్దిగా పుచ్చుకుంటే గొంతు విచ్చుకుంటుందన్నది భ్రమ. మద్యం మెదడుకు ఉత్తేజకం కాదు, మందకరం. అది మొదట మందగింపజేసేది మన బిడియాన్ని, వివేచనను. అందుచేత పాడేవానికి ధైర్యం వస్తుంది. అతనితోపాటు తాగినవారికి విమర్శనాశక్తి తగ్గుతుంది. ఆ సమయంలో మెదడులో డోపమిన్ విడుదలై, పాట, స్నేహితులు, గ్లాసు మూడూ ఒకే సుఖంగా ముడిపడతాయి. అందువలననే తాగుడు మానినవారికి ఏళ్ళ తరువాత కూడా ఒక పాత పాట వినపడితే నాలుక పిడచకట్టుకుపోతుంది. ఇది గుణదోషం కాదు, మెదడు నేర్చుకున్న పాఠం.

అరువది మిల్లీలీటర్ల విస్కీలో సుమారు 20 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. 650 మిల్లీలీటర్ల సాధారణ బీరు సీసాలో సుమారు 25 గ్రాములు ఉంటుంది. కనుక "బీరే కదా" అన్న మాటకు అర్థం లేదు. కాలేయం గంటకు ఏడెనిమిది గ్రాములకు మించి విచ్ఛిన్నం చేయలేదు. మజ్జిగ, నిమ్మరసం, చన్నీటి స్నానం, కాఫీ ఆ వేగాన్ని పెంచలేవు. మద్యపానీయాలను క్యాన్సరు కారకాలుగా అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే వర్గీకరించింది. ఆరోగ్యానికి హాని లేనిదని చెప్పదగిన మద్యపరిమాణమేదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది.

ఉద్యోగ విరమణ తరువాత కొంతకాలం మా వీధిలో చిన్న క్లినిక్ నడిపాను. అప్పటికి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఇంకా బాటసింగారానికి తరలిపోలేదు. మార్కెట్‌లో బరువులు మోసే హమాలీలు నా వద్దకు వచ్చేవారు. వారిలో ఒకనికి బత్తాయి బుట్టతో జారిపడి కాలు విరిగింది. ఆసుపత్రిలో చేర్చారు. "తాగుడు అలవాటు ఉన్నదా?" అని అక్కడ అడిగితే భార్య లేదని చెప్పింది. మరునాటికి చేతులు వణకడం, ఆ రాత్రి మూర్ఛ, మూడవనాటికి గోడ మీద లేని పురుగులను చూపిస్తూ కేకలు. ఆమె పరుగున నా వద్దకు వచ్చి ఏడ్చింది. గ్రుచ్చి గ్రుచ్చి అడిగితే, "రోజూ కల్లు తాగుతడు సారూ. కల్లే గదా, అది తాగుడా?" అన్నది. ఆ సంగతి ఆసుపత్రి వైద్యులకు వెంటనే తెలియజేశాము. సరైన మందులు పడ్డాయి, మనిషి దక్కాడు.

చెట్టు నుండి అప్పుడే దించిన నీరాలో మత్తు ఉండదు. గాలిలోని, కుండలోని ఈస్టు చక్కెరను పులియబెట్టగా కొన్ని గంటలలోనే అది బీరుతో సమానమవుతుంది. అది స్వచ్ఛమైన కల్లు సంగతి. నగరంలో దొరికే కల్లు కథ వేరు. చెట్ల కంటే తాగేవారు ఎక్కువైన చోట, క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, ఆల్ప్రజోలామ్ వంటి నిద్రమందులు నీళ్ళలో కలిసి కల్లు పేరుతో అమ్ముడుపోయాయి. అటువంటి కల్లుకు అలవాటుపడినవాడు ఒక్కసారిగా మానితే మూర్ఛలు, మతిభ్రమ కలుగుతాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వలన దుకాణాలు మూతపడగానే ఎఱ్ఱగడ్డ మానసిక వైద్యశాలకు ఇటువంటి రోగులు వందలుగా వచ్చారు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి కొందరు మరణించారు, మరికొందరు మూత్రపిండాలు దెబ్బతిని ఆసుపత్రుల పాలయ్యారు.

అందుచేత ఒక హెచ్చరిక. ఏళ్ళ తరబడి రోజూ తాగేవారు పౌరుషానికి పోయి ఇంటిలో హఠాత్తుగా మానకూడదు. చివరిసారి తాగిన 6 నుండి 24 గంటలలో వణుకు, చెమటలు, రెండురోజులలోపు మూర్ఛలు, రెండు మూడు రోజులకు మతిభ్రమ కలుగవచ్చు. చికిత్స లేనిచో మతిభ్రమ ప్రాణాంతకం. వైద్యుని పర్యవేక్షణలో, తయమిన్ అనే బి1 విటమిన్, ఇతర మందులతో క్షేమంగా మానవచ్చు. ఆసుపత్రిలో ఏ కారణంతో చేరినా సరే, కల్లుతో సహా అలవాట్లన్నీ దాచకుండా చెప్పండి. సిగ్గు ఒక నిమిషం, ప్రమాదం ప్రాణానికి.

మీకు మీరే నాలుగు ప్రశ్నలు వేసుకోండి. తాగుడు తగ్గించాలని ఎప్పుడైనా అనుకున్నారా? మీ తాగుడును ఎవరైనా ఎత్తిచూపితే చిరాకు కలిగిందా? తాగినందుకు తప్పుచేసినట్లు మనసు పీకిందా? ప్రొద్దున లేవగానే వణుకు తగ్గడానికి తాగారా? రెండింటికి అవునన్నా, వైద్యుని కలవవలసిందే. ప్రభుత్వ వ్యసన విముక్తి సహాయ కేంద్రం 14446, మానసిక ఆరోగ్య సలహాల కొరకు టెలీ మానస్ 14416 ఉచితంగా లభిస్తాయి. ఈ ప్రశ్నలు నా మిత్రుని 1985లో అడిగి ఉంటే ఏమి చెప్పేవాడో నాకు తెలుసు. అడగలేదు. పాట ఆగిపోతుందని అడగలేదు.

'పానశాల' కవి పుట్టిన నెల్లూరు సీమలోనే మరొక రకం పాటలూ పుట్టాయి. అక్షరదీక్షలో భాగంగా కళాజాతాలు ఊరూరా తిరిగి పాటలతో, నాటికలతో చదువును, సారా వలన కాలిపోయే సంసారాల కథలను చెప్పాయి. రాత్రిబడిలో అక్షరాలు దిద్దిన దూబగుంట స్త్రీలు 1992లో రోశమ్మ ముందుండగా ఊరిలో సారా అమ్మకుండా నిలిపారు. ఉద్యమం రాష్ట్రమంతా ప్రాకింది. 1993 అక్టోబరు 1న సారాను, 1995 జనవరిలో మద్యం మొత్తాన్ని నిషేధించారు. 1997లో మద్యనిషేధాన్ని ఎత్తివేశారు. ప్రభుత్వాల లెక్కలు ఎట్లా ఉన్నా, ఆ పాటలు మాత్రం ఒక పని చేశాయి. పాట అయ్యాక ఇంటికి వచ్చే మనిషిని చూసినవారు మొదటిసారి తామే గొంతెత్తి పాడారు.

పాటలను నిషేధించమని నేను అనను. ఘంటసాలను వినండి, హాయిగా పాడుకోండి. అయితే ఒక సంగతి గుర్తుంచుకోండి. దేవదాసు పాత్రలో అక్కినేనివారు తాగి నటించలేదు. రాత్రిపూట పెరుగన్నం తిని చిత్రీకరణకు వచ్చేవారని, ఆ నిద్రమత్తే తెర మీద తాగినవాని చూపుగా కనిపించిందని ఆయన చెప్పేవారు. తెలుగువారిని ఏడిపించిన ఆ మత్తు పెరుగన్నానిది. మా మిత్రుని గొంతుకు కూడా గ్లాసు అవసరం లేదు. బడిలో ప్రార్థన పాడించినప్పుడు ఇంతకంటే బాగా పాడేవాడు.

మీ స్నేహితులలో బాగా పాడేవాడు ఉంటే, ఈ ఆదివారం పిలవండి. టిఫిను పెట్టండి, కాఫీ ఇవ్వండి, పాడమనండి. అతడు బిడియపడితే కాసేపు ఓపిక పట్టండి. అతడు ఇంటికి ఎట్లా వెళ్ళాడో కూడా ఒకసారి ఫోను చేసి కనుక్కోండి.

సర్వే జనాః సుఖినో భవంతు.