అడిగితే ఇస్తాం

తెలుగువాళ్ళం ఎవరికైనా డబ్బు తీసి ఇచ్చేటప్పుడు సున్నాతో ఆపం. చందా అయినా, చదివింపులైనా నూట పదహార్లు, వెయ్యి నూట పదహార్లు. విరాళాల యాప్ తెరిస్తే మాత్రం 500, 1000, 2500 అని గళ్ళు కట్టి ఉంటాయి. వాటి కింద ‘ఇతర మొత్తం’ అని చిన్న గడి. మా మేనత్త దగ్గర కూర్చున్నప్పుడు నేరుగా ఆ గడికే వెళ్తాను. ఆవిడ ఫోను నా చేతిలో పెట్టి, “వెయ్యి నూట పదహార్లు వెయ్యి నాన్నా, మీ మావయ్య పేరు మీద” అంటుంది. మావయ్య తద్దినం నాడు ఒక అనాథాశ్రమంలో పిల్లలకు భోజనం పెట్టించడం ఆవిడకు ఏళ్ళనాటి అలవాటు. ఒకప్పుడు మనియార్డరు పంపేది, ఇప్పుడు యాప్‌లో కడుతుంది. క్రితంసారి అంకె వేసి కిందికి జరిపేసరికి ‘ప్రతి నెలా’ అన్నచోట అప్పటికే టిక్ పెట్టి ఉంది. చదివి వినిపించాను. “తద్దినం ఏడాదికోసారేగా! నెలనెలా ఇస్తానని వాళ్ళకెవరు చెప్పారు?” అంది. టిక్ తీసేశాం. డబ్బు వెళ్ళింది, రసీదు వచ్చింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మావయ్య పేరు సరిగ్గా పడిందో లేదో చూసుకుంది.

ఆవిడ అడిగిన ప్రశ్న ఈ యాప్‌లు తయారుచేసే వాళ్ళందరినీ అడగాలని ఉంది. ఎవరికివ్వాలో, ఎంతివ్వాలో, ఎన్నిసార్లివ్వాలో తేల్చుకోవలసింది ఇచ్చేవాళ్ళు. ఆ పని వాళ్ళ చేతిలోంచి తీసేసుకుంటే వచ్చే డబ్బుకు దానం అని పేరు పెట్టడం నాకు ఒప్పుదల కాదు.

అలాగని యాప్‌లు చేసిన మేలు చిన్నది కాదు. ఐక్యరాజ్యసమితి వారి ప్రపంచ ఆహార కార్యక్రమం 2015లో ‘షేర్ ద మీల్’ అనే యాప్ తెచ్చింది. సెబాస్టియన్ స్ట్రికర్, బెర్న్‌హార్డ్ కోవాచ్ అనే ఇద్దరు బెర్లిన్‌లో దీన్ని మొదలుపెట్టారు. ఆకలితో ఉన్న బిడ్డ ఒక్కరుంటే స్మార్ట్‌ఫోను ఉన్నవాళ్ళు ఇరవైమంది ఉన్నారన్నది వాళ్ళ లెక్క. అప్పట్లో అర డాలరు ఇస్తే ఒక బిడ్డకు ఒక రోజు తిండి. ఆ డబ్బు జోర్డాన్‌లోని జాతరీ శిబిరంలో తలదాచుకున్న సిరియా పిల్లల దాకా వెళ్ళింది. మన ఇళ్ళలో ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. కుండ నిండాక ఆ బియ్యం గుడికో, చర్చికో, హాస్టలు పిల్లలకో చేరేవి. షేర్ ద మీల్ చేస్తున్నది ఆ పిడికెడు బియ్యం పనే. ఇచ్చిన ఇంటికి లోటు కనపడదు, తిన్నవాళ్ళకు కడుపు నిండుతుంది. మనం నడిచిన దూరానికి కంపెనీల చేత డబ్బు కట్టించే ‘చారిటీ మైల్స్’ లాంటివి కూడా 2012 నుంచీ ఉన్నాయి. అవీ మంచివే. కానీ మన జేబులోంచి తీసి ఇచ్చినదాని విలువ వేరు.

చిన్న మొత్తాలు కలిస్తే ఏమవుతుందో 2021లో హైదరాబాద్ చూసింది. ఎస్ఎంఏ అనే జన్యువ్యాధితో కండరాలు చచ్చుబడుతున్న ఒక పసివాడికి ‘జోల్‌జెన్‌స్మా’ అనే మందు కావలసివచ్చింది. ఖరీదు సుమారు 16 కోట్ల రూపాయలు. ఏ తల్లిదండ్రులు తేగలరు? ఊరూ పేరూ తెలియని వేలమంది ఫోన్లలోంచే తలాకొంత వేశారు. విదేశం నుంచి మందు వచ్చింది, బిడ్డకు ఎక్కించారు. ఆ ఒక్క సంగతి చాలు, ఈ యాప్‌లు ఉండాలని నేను అనడానికి.

కాకపోతే అందరికీ అంత అదృష్టం ఉండదు. హైదరాబాద్ నీలోఫర్ పిల్లల ఆసుపత్రి వరండాలో చాప వేసుకుని పడుకున్న తండ్రికి తన కథ ఇంగ్లీషులో రాసి పెట్టేవాళ్ళుండరు, లింకు పంపడానికి వెయ్యిమంది పరిచయస్తులుండరు. ఉన్నవాళ్ళకైనా బిడ్డ ముఖానికి గొట్టాలున్న ఫొటో పెడితే తప్ప డబ్బు రాదని చెబుతారు. ఈ పద్ధతి నాకు నచ్చదు. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మగారు వేళకాని వేళ గుమ్మంలోకి వచ్చిన బాటసారికి కూడా, ఎవరివని అడక్కుండా వండి వడ్డించారు. ఆవిడ పోయింది 1909లో. ఇన్నేళ్ళయినా అన్నదానం అనగానే ఆవిడ పేరే తలుచుకుంటున్నాం. తీసుకునేవాళ్ళ పరువు కాపాడటం మనకు కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు. ఏడుస్తున్న బిడ్డ ముఖాన్ని ప్రకటనగా వాడకుండా, ఆసుపత్రి ఇచ్చిన అంచనా కాగితం పెట్టి అడిగినా ఇచ్చేవాళ్ళు ఇస్తారని నా నమ్మకం.

ఇక ముందే పెట్టే టిక్కుల సంగతి. సినిమా టికెట్ కొన్నా, భోజనం తెప్పించుకున్నా బిల్లు చివర రూపాయో మూడు రూపాయలో విరాళం కలిసి ఉండటం చాలామంది చూసే ఉంటారు. రూపాయే కదా అని వదిలేస్తాం. లక్షలమంది వదిలేస్తే అది లక్షల రూపాయలు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న ‘డార్క్ ప్యాటర్న్స్’ మీద మార్గదర్శకాలు ప్రకటించి 13 రకాల మాయలను పేరుపేరునా చెప్పింది. కొనేవాళ్ళ అనుమతి లేకుండా బిల్లులో విరాళం కలపడం వాటిలో ఒకటి. ఇంకొకటి మరీ నీచమైనది: వద్దనుకున్నవాళ్ళు ‘దానం డబ్బున్నవాళ్ళకు, నాకేం పట్టదు’ అనే అర్థం వచ్చే మీట నొక్కితే తప్ప బయటపడకుండా చేయడం. ఇది నేను కల్పించింది కాదు, ఆ మార్గదర్శకాల్లోనే ఉదాహరణగా రాశారు. ఇవ్వలేని మనిషిని సిగ్గుపడేలా చేసి గుంజుకున్న డబ్బు ఏ పుణ్యకార్యానికి పోతేనేం?

టిప్పు సంగతీ అంతే. కమిషన్ తీసుకోం అని చెప్పే విరాళాల వేదికలు చాలావరకు ఆ ఖర్చును టిప్పు రూపంలో రాబట్టుకుంటాయి. రెండు వేలు ఇవ్వబోతే కింద ఒక గీత, దాని మీద జరిపే చుక్క ఉంటాయి. ఆ చుక్కను ముందే ఏ పది శాతం దగ్గరో నిలబెట్టి ఉంచుతారు. జీతాలూ, బ్యాంకు ఖర్చులూ వాళ్ళకూ ఉంటాయి, కాదనను. ఆ మాట పైకి చెప్పి, చుక్కను సున్నా దగ్గర పెట్టి అడగమనండి. నేనైతే సంతోషంగా ఇస్తాను.

ఇవ్వడం మాత్రం మానకండి. సంస్థకిస్తుంటే దాని పేరు నీతి ఆయోగ్ వారి ‘దర్పణ్’ పోర్టల్‌లో ఉందో లేదో ఒకసారి చూడండి. ఆసుపత్రి ఖర్చు కోసం వాట్సాప్‌లో లింకు వస్తే, పదిమందికి పంపేముందు ఆసుపత్రికి ఫోన్ చేసి ఆ రోగి అక్కడున్నదీ లేనిదీ కనుక్కోండి. డబ్బు ఆసుపత్రి ఖాతాకే పోయేలా ఉంటే మరీ మంచిది. ఒక మనిషి వైద్యానికి నేరుగా ఇచ్చినదానికి పన్ను మినహాయింపు రాదు, అది నమోదైన సంస్థలకిచ్చే విరాళాలకే. తెలియక నెలనెలా కట్టేస్తుంటే మీ యూపీఐ యాప్‌లో ‘ఆటోపే’ అన్నచోటికి వెళ్ళి ఆపేయవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళ ఫోన్లో కూడా అది ఓసారి చూడండి. మిమ్మల్ని అడక్కుండా ఎవరైనా బిల్లులో విరాళం కలిపితే, రూపాయే అయినా సరే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి.