సముద్రం మీద సొంత సీసా

సింగపూర్‌ మెరీనా బే క్రూజ్ సెంటర్‌లో ఓడ ఎక్కేవాళ్ల వరుసలో ఈమధ్య తెలుగు బాగానే వినిపిస్తోంది. సింగపూర్, మలేషియా చూపించే ప్యాకేజీలో మూడు రాత్రుల ఓడ ప్రయాణాన్ని కూడా కలిపి అమ్మడం మన టూర్ ఏజెంట్లకు అలవాటైపోయింది. నేను ఎక్కిందీ అలాంటి ఓడే. ఇక్కణ్నుంచి పెనాంగ్, అక్కణ్నుంచి మళ్లీ ఇక్కడికే. ఓడలోకి అడుగుపెట్టక ముందే సామానంతా స్కానర్‌లోంచి వెళ్లాలి. అక్కడ సిబ్బంది పక్కకు తీసిపెట్టే వస్తువులను కాసేపు గమనిస్తే ఓడ కంపెనీ దేనికి భయపడుతుందో తెలిసిపోతుంది. ఇస్త్రీపెట్టె, బకెట్లో వేసి నీళ్లు కాచుకునే హీటరు, విస్కీ సీసా, నీళ్ల సీసాల కట్ట. మొదటి రెండింటి వల్లా ఓడకు ప్రమాదం. తర్వాతి రెండింటి వల్లా ప్రమాదం ఓడ జమాఖర్చుల పుస్తకానికి. ఈ నాలుగింటినీ ఒకే బల్ల మీద పెట్టి, అన్నింటికీ భద్రతే కారణమన్నట్టు మాట్లాడటం దగ్గరే నాకు పేచీ. సొంత పానీయాలు తేవద్దనే నిబంధన నిజానికి ధరల పట్టికలో ఒక పంక్తి. ధరగానే చూస్తే మద్యం విషయంలో అది న్యాయంగానే ఉంది, మంచినీళ్ల విషయంలో లేదు.

ప్రాణాలకు సంబంధించిన నిబంధన ఎలా ఉంటుందో ముందు చూద్దాం. 2012 జనవరిలో ఇటలీ తీరాన కోస్టా కాంకార్డియా రాతికి కొట్టుకుని ఒరిగిపోయింది. 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కిన వందల మందికి లైఫ్‌జాకెట్టు తీసుకుని ఎక్కడికి చేరాలో నేర్పే కసరత్తు ఇంకా జరగనేలేదు. ఆ తర్వాత అంతర్జాతీయ నియమాన్ని మార్చారు. 2015 నుంచి ఓడ కదలక ముందో, కదిలిన వెంటనేనో ఆ కసరత్తు పూర్తి చేయించాల్సిందే. చవక ఓడైనా, ఖరీదైన ఓడైనా, ఏ కంపెనీదైనా ఇందులో మినహాయింపు లేదు. వేడి పుట్టించే సొంత పరికరాల సంగతీ దాదాపు అంతే. నిప్పుకు కంపెనీల తేడా తెలియదు కదా. ఇక పానీయాల దగ్గరికి వచ్చేసరికి కంపెనీకో తీరు. కార్నివాల్ ఓడల్లో 21 ఏళ్లు నిండినవాళ్లు ఎక్కే రోజున తలా ఒక 750 మిల్లీలీటర్ల వైన్ సీసా తెచ్చుకోవచ్చు, కూల్‌డ్రింకులైతే తలా డజను డబ్బాలు. నార్వీజియన్ వాళ్లు కూల్‌డ్రింకులు రానివ్వరు గానీ వైన్ సీసాలు ఎన్నయినా రానిస్తారు, మామూలు సీసాకు 15 డాలర్ల చొప్పున రుసుము కడితే చాలు. డిస్నీ ఓడల్లో పెద్దవాళ్లు వైన్‌కు బదులు ఆరు బీర్లు తెచ్చుకోవచ్చు, అదీ ప్రతి రేవులోనూ. ఎంఎస్‌సీ ఓడల్లో ఏదీ కుదరదు. వీళ్లంతా ఓడలు నడిపేది ఒకే కరీబియన్ సముద్రంలో, చాలాసార్లు ఒకే రేవు నుంచి. ఒక ఓడలో ప్రమాదమైన కోకకోలా పక్క ఓడలో ఎలా క్షేమమవుతుంది? 15 డాలర్లు చేతిలో పెట్టగానే తొలగిపోయే ప్రమాదాన్ని ప్రమాదమని ఎలా అనడం?

డబ్బు లెక్క చూస్తే ఇంకాస్త తేటపడుతుంది. కార్నివాల్ కార్పొరేషన్‌కు 2024 ఆర్థిక సంవత్సరంలో దాదాపు 2,500 కోట్ల డాలర్ల ఆదాయం వచ్చింది. అందులో మూడో వంతు టికెట్ల డబ్బు కాదు. బారు, కాసినో, స్పా, రేవుల్లో ఊరు చూపించే యాత్రలు వగైరా పద్దుల కింద ఓడ ఎక్కాక మనం పెట్టే ఖర్చు. రాయల్ కరీబియన్‌కీ ఈ వాటా ఇంచుమించు 30 శాతం ఉంటుంది. ఓడకూ మద్యానికీ ఈ చుట్టరికం ఇవాళ్టిది కూడా కాదు. అమెరికాలో మద్యనిషేధం ఉన్న రోజుల్లో తీరం దాటి కాస్త దూరం వెళ్లి తాగి తిరిగి రావడానికే కొన్ని ఓడలు నడిచాయి. నిషేధ చట్టం ఓడలకు వర్తిస్తుందా అన్న వివాదం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. విదేశీ ఓడలైనా సరే, సీలు వేసి దాచిన మద్యంతో కూడా అమెరికా జలాల్లోకి రాకూడదని 1923లో ఆ కోర్టు తేల్చింది. నేల మీద దొరకనిది, లేదా పన్నుతో బరువెక్కినది, నీటి మీద సులువుగా అమ్ముకోవడం ఓడ వ్యాపారానికి పాత విద్య. ఇప్పటికీ చాలా ఓడల్లో సుంకం లేని దుకాణం రేవు విడిచాకే తెరుచుకుంటుంది.

మద్యం ప్యాకేజీల్లో భద్రత వాదన మరీ పలచబడుతుంది. కార్నివాల్ ప్యాకేజీ కొన్నవాళ్లు రోజుకు 15 మద్యం పానీయాల దాకా తీసుకోవచ్చు. ఒక గదిలో పెద్దవాళ్లు ఎంతమంది ఉంటే అంతమందీ కొనాలి. రాయల్ కరీబియన్‌లోనూ మద్యం ప్యాకేజీకి గదిలోని పెద్దలందరికీ ఒకే నియమం. ఒకరు కొని ఇద్దరు తాగుతారన్న అనుమానం అర్థమయ్యేదే. కానీ మన ఇళ్లలో భర్త రెండు పెగ్గులు తీసుకుని భార్య వాసన కూడా పడదనే జంటలు బోలెడు. ఆమె రోజంతా తాగే నిమ్మరసానికీ కాఫీకీ ఆయన విస్కీ ధరే పడుతుంది. ఇక్కడ తాగకపోవడానికీ డబ్బు కట్టాలి. రోజుకు 15 గ్లాసులు అమ్మడానికి సిద్ధపడ్డ వ్యాపారి, మీ పెట్టెలో ఒక్క సీసా దొరికితే మీ ఆరోగ్యం గురించి దిగులుపడుతున్నాడంటే నేను నమ్మలేను.

ఇక నీళ్లు. మలక్కా జలసంధిలో ఉత్తరానికి సాగుతున్నప్పుడు డెక్కు అంచున నిలబడి చూస్తే నాలుగువైపులా తాగడానికి పనికిరాని నీళ్లే. ఓడ తన మంచినీళ్లలో ఎక్కువ భాగం వాటినుంచే తయారు చేసుకుంటుంది. ఇంజన్ల వేడిని వాడుకుని, గాలి ఒత్తిడి తగ్గించి, తక్కువ వేడికే నీటిని ఆవిరి చేసే యంత్రాలు కొన్ని. మన వీధుల్లో వాటర్ ప్లాంట్ల పద్ధతిలోనే రివర్స్ ఆస్మోసిస్ పొరల గుండా ఉప్పు వడగట్టేవి కొన్ని. చాలనివి రేవులో నింపుకుంటారు. రేవుల్లోనూ మురికి జలాల్లోనూ ఈ యంత్రాలను ఆపేస్తారు. అమెరికా రేవులకు వెళ్లే ఓడలను అక్కడి ప్రజారోగ్య సంస్థ 1970ల నుంచీ తనిఖీ చేస్తోంది. తాగునీటి గొట్టాల్లో క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, 5కు మించకూడదు. ఇంత ఏర్పాటున్న పెద్ద ఓడల్లో గది కొళాయి నీళ్లు తాగడానికి జంకనవసరం లేదు. క్లోరిన్ వాసన గిట్టకపోతే బఫే దగ్గర చల్లటి నీళ్లు, టీ, మామూలు కాఫీ ఉచితంగా ఉంటాయి. కాబట్టి ఇంటినుంచి పన్నెండు సీసాలు మోసుకెళ్లడం నా దృష్టిలో వృథా శ్రమే. కాకపోతే ఇది నీటికి సంబంధించిన లెక్క, మనిషిది వేరు. ఊరు మారితే నీళ్లు పడవని మన పెద్దవాళ్లు ఊరికే అనరు. అర్ధరాత్రి మాత్ర వేసుకోవాల్సిన వాళ్లు, పాలపొడి కలపాల్సిన తల్లులు బఫే ఉన్న పైఅంతస్తుకు పరుగెత్తలేరు. జైపూర్ మహారాజు రెండో మాధోసింగ్ 1902లో ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి లండన్ వెళ్తూ ఒలింపియా అనే ఓడనే అద్దెకు మాట్లాడుకున్నాడు. మనిషెత్తు వెండి గంగాళాల్లో గంగాజలం నింపి దాని మీదికి ఎక్కించాడు. ఒక్కొక్కటి దాదాపు 345 కిలోలు. జైపూర్ సిటీ ప్యాలెస్‌లో ఇప్పటికీ చూడొచ్చు. సొంత నీళ్లతో సముద్రం దాటినవాళ్లలో ఆయన్ని మించినవాడు లేడు. ఓడ తనదే అయినప్పుడు స్కానర్ ఎవరు పెడతారు?

నీళ్ల సీసాల మీద నిషేధం ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. వోడ్కా నీళ్లలాగే ఉంటుంది. సీసా మూత మళ్లీ కొత్తదానిలా బిగించడం నేర్చుకున్నవాళ్లు నీళ్ల సీసాల్లో వోడ్కా, మౌత్‌వాష్ సీసాల్లో రంగు కలిపిన జిన్ను తీసుకురావడం మొదలుపెట్టారు. షాంపూ సీసా ఆకారంలో దొంగ సీసాలు తయారుచేసి అమ్మేవాళ్లూ పుట్టుకొచ్చారు. వేల సీసాలను ఒక్కొక్కటే వాసన చూడటం ఏ సిబ్బందికీ సాధ్యం కాదు. దాంతో కార్నివాల్ 2015 జులైలో సీసాలన్నింటినీ ఆపేసింది. కంపెనీ చిక్కు నిజమైనదేనని ఒప్పుకుంటాను. కానీ అదే కంపెనీ డబ్బాలను, అట్టపెట్టె ప్యాకెట్లను అనుమతించింది, వాటికి మళ్లీ సీలు వేయడం కష్టం కాబట్టి. అంటే దొంగను ఆపి దాహంగలవాణ్ని వదిలే దారి ఉంది, దాన్ని వాడి చూపించారు కూడా. ఆ దారి తెలిసీ నీళ్లనూ పూర్తిగా ఆపి, గదిలో నీళ్ల సీసాను బారు ధరకు పెట్టేవాళ్లే సంజాయిషీ చెప్పాలి.

పెనాంగ్‌లో ఓడ ఆగేది స్వెటెన్‌హామ్ రేవులో. దిగి నడిస్తే జార్జ్‌టౌన్ పాతవీధులు, కాసేపట్లోనే లిటిల్ ఇండియా. జాజికాయ పండు రసం, ఎత్తునుంచి పోసి నురగ తెప్పించే తే తారిక్ టీ, కొబ్బరినీళ్లు. ఓడ బారు ధరలకు అలవాటుపడ్డ కంటికి ఇక్కడి ధరలు దానధర్మాల్లా కనిపిస్తాయి. 1786లో ఆంగ్లేయ వర్తకుడు ఫ్రాన్సిస్ లైట్ పెనాంగ్‌ను సుంకం లేని రేవుగా మొదలుపెట్టాడు, 1969లో ఆ హోదా పోయింది. మద్రాసు నుంచి నాగపట్నం మీదుగా వచ్చే రాజులా అనే ఓడ దశాబ్దాలపాటు వేలాది డెక్కు ప్రయాణికులను ఇక్కడికీ సింగపూర్‌కూ చేరవేసింది. మలయా తోటల్లో పనికి మనవాళ్లు వచ్చింది ఇలాంటి ఓడల మీదే. రబ్బరు, కొబ్బరి తోటల్లో చాలాచోట్ల యాజమాన్యం కనుసన్నల్లోనే కల్లు దుకాణం ఉండేది. పొద్దున ఇచ్చిన కూలి సాయంత్రానికి ఆవరణ దాటకుండానే వెనక్కి చేరేది. పెనాంగ్‌ను ఆనుకుని ఉన్న కెడాలో 1947లో తోటకూలీలే దళాలు కట్టి కల్లు దుకాణాల ముందు బైఠాయించారు, పోలీసులతో ఘర్షణ దాకా వెళ్లింది. సరదాకి ఓడెక్కినవాడి ఇబ్బందిని ఆ కూలీ కష్టంతో తూచడం తప్పు, నేను తూచడం లేదు. నన్ను ఆలోచనలో పడేసింది అమ్మకపు పద్ధతి. బయటికి వెళ్లే దారి మూసుకున్న చోట దుకాణం కూడా ఆ స్థలం యజమానిదే అయితే, ధరకు పోటీ ఉండదు. పెనాంగ్‌లో కొన్న మద్యం సీసాను కూడా ఓడ మెట్ల దగ్గరే తీసుకుని చీటీ ఇస్తారు, ప్రయాణం చివర్లో గానీ చేతికివ్వరు.

దీనికి గట్టి జవాబు ఒకటుంది, మన సుప్రీంకోర్టు నుంచే. సినిమాహాళ్లలోకి బయటి తిండి తెచ్చుకోవచ్చన్న జమ్మూ కాశ్మీర్ హైకోర్టు ఆదేశాన్ని 2023 జనవరి 3న చంద్రచూడ్, పి.ఎస్. నరసింహల ధర్మాసనం కొట్టేసింది. హాలు ప్రైవేటు ఆస్తి, షరతు పెట్టే హక్కు యజమానిది, నచ్చనివాళ్లు కొనక్కర్లేదు, రానక్కర్లేదు అన్నది సారాంశం. ఓడకూ ఇదే వర్తిస్తుందని కంపెనీ అంటే మద్యం వరకూ తలూపుతాను. ఎందుకంటే దీనిలో మరో లెక్క ఉంది. బారులో వచ్చే లాభం చూసుకునే కంపెనీ టికెట్ ధర తగ్గించి గదులు నింపుతుంది. అంటే తాగేవాడి బిల్లు తాగనివాడి టికెట్‌లో కొంత బరువు మోస్తోంది. విజయవాడ నుంచో వరంగల్ నుంచో పిల్లలతో వచ్చిన, మద్యం ముట్టని కుటుంబానికి మూడు రాత్రుల గది, భోజనం ఆ ధరకు దొరకడంలో పక్క డెక్కు మీద కాక్‌టెయిల్ తాగేవాడి చెయ్యి ఉంది. సొంత విస్కీ దాచుకొచ్చినవాడు కంపెనీని జయించానని మురిసిపోనక్కర్లేదు. చివరికి ఆ లోటు పూడేది టికెట్ ధరలోనే. అయితే ఆ తీర్పులోనే ఇంకో మాట ఉంది. హాలువాళ్లు పరిశుభ్రమైన తాగునీరు ఉచితంగా ఇవ్వాలి, పసిపిల్లల కోసం తెచ్చే ఆహారానికి అభ్యంతరం పెట్టకూడదు. మూడు గంటలు కూర్చుని లేచిపోయే చోటే ఈ హద్దు అవసరమనిపిస్తే, మూడు రాత్రులు గడపాల్సిన చోట మరింత అవసరం. బఫేలో నీళ్లున్నాయి కదా అంటే, ఉన్నాయి, రాత్రి మాత్రవేళకు గదిలో లేవు. గదికొక నింపుకునే సీసా, అంతస్తుకొక మంచినీళ్ల కొళాయి పెడితే ఈ తగువు తీరిపోతుంది, పెనాంగ్ జలసంధిలో తేలే ప్లాస్టిక్ కూడా తగ్గుతుంది.

తిరుగు ప్రయాణంలో ఇంకో చిక్కు ఎదురుచూస్తుంది, దీన్ని ఏజెంట్లు సాధారణంగా చెప్పరు. మలేషియా నుంచి నేరుగా సింగపూర్‌లో అడుగుపెట్టేవాళ్లకు మద్యం మీద సుంకం మినహాయింపు లేదు. పెనాంగ్‌లో చవగ్గా దొరికిందని కొన్న సీసాకు సింగపూర్‌లో పన్ను కట్టాల్సిందే. ఇండియాలోకి సుంకం లేకుండా తలా రెండు లీటర్ల వరకు తేవచ్చు కాబట్టి కొనాలనుకుంటే విమానాశ్రయంలో కొనుక్కోవడం మేలు. విశాఖలోనూ 2023 సెప్టెంబరు నుంచి క్రూజ్ టెర్మినల్ ఉంది, రేపు ఇవే ప్యాకేజీలు అక్కణ్నుంచీ అమ్ముతారు. మన ఏజెంట్లకు నా విన్నపం ఒక్కటే. అడ్వాన్సు తీసుకునే ముందే ఆ ఓడలోకి ఏ పానీయం ఎంత తెచ్చుకోవచ్చో, గదిలో మంచినీళ్లు ఉచితమో కాదో తెలుగులో రాసిచ్చి, దాని కింద సంతకం చేయండి.