పిడికెడు బియ్యం లెక్క

ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకులో పనిచేస్తున్నవాడికి గుడిలో ఏ పని అప్పగిస్తారో వేరే చెప్పనక్కరలేదు. లత్తేరికి దగ్గరలో ఉన్న మా చిన్న సంఘానికి పదకొండేళ్ళుగా నేనే కోశాధికారిని. మన పత్రిక చదివేవారిలో క్రైస్తవులు కానివారే ఎక్కువ కనుక ముందే ఒక మాట మనవి చేస్తాను. ఇది మత ప్రచారం కోసం రాస్తున్నది కాదు. పాస్టరుగారిని మేము అయ్యగారు అంటాం. ఆ అయ్యగారి దగ్గర చూసిన నాలుగు సంగతులు ఏ మతం వారికైనా కాస్త పనికి వస్తాయనిపించి కలం పట్టాను.

లత్తేరి అంటే చాలామందికి తెలియకపోవచ్చు. మద్రాసు నుంచి బెంగుళూరు వెళ్ళే రైలు కాట్పాడి దాటి గుడియాత్తం చేరేలోగా ఒక చిన్న స్టేషను వస్తుంది, అదే. ఎక్స్‌ప్రెస్‌లలో వెళ్ళేవాళ్ళకు ఆ బోర్డు చదివే వ్యవధి కూడా ఉండదు. వరి, చెరకు, వేరుశనగ, కొబ్బరి తోటలు. సరిహద్దు దాటితే చిత్తూరు జిల్లా. అంచేత ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాకు పుట్టుకతోనే వచ్చాయి.

మా తాత పలమనేరు వైపు నుంచి మిషన్ బడి పంతులుగా ఇటు వచ్చారు. అప్పుడు ఇదంతా ఒకే రాజధాని, ఒకే మిషన్. 1853లో అమెరికా నుంచి వచ్చిన స్కడర్ సోదరులు మొదలుపెట్టిన ఆర్కాట్ మిషన్‌కు ఇటు వేలూరు, రాణిపేట తమిళ కేంద్రాలైతే, అటు మదనపల్లె తెలుగు కేంద్రం. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక మదనపల్లె వైపు రాయలసీమ డయోసిస్‌లోకి వెళ్ళింది. మా వైపు 1976లో వేలూరు డయోసిస్ అయింది. ఆ కుటుంబంలోని ఐడా స్కడర్ దొరసాని వేలూరు నుంచి గుడియాత్తం వెళ్తూ దారిలో చెట్ల కింద ఆగి రోగులను చూసేవారు. ఆమె మోటారుబండి వస్తే పిల్లలు వెంట పరుగెత్తేవారని మా అవ్వ చెప్పేది. ఆ కథ మన పాఠకులకు తెలిసిందే, దాన్ని మళ్ళీ చెప్పను.

నేను చెప్పదలచింది పిడికెడు బియ్యం గురించి.

మా సంఘంలో ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా తెచ్చి గుడి మూలనున్న డ్రమ్ములో ఒంపుతారు. దీనికి రసీదు లేదు, పేరు లేదు. పిడికెడంటే ఉజ్జాయింపుగా యాభై గ్రాములు. రోజుకు రెండుసార్లు వేస్తే నెలకు మూడు కిలోలు. నలభై ఇళ్ళు వేస్తే నూట ఇరవై కిలోలు. కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ ఒకరు పచ్చిబియ్యం వేస్తారు, ఒకరు ఉప్పుడు బియ్యం వేస్తారు, ఇంకొకరు రేషను బియ్యం వేస్తారు. అన్నీ కలిపి వండితే సగం ముద్ద, సగం పలుకు. కనుక మా స్త్రీల సమాజం వాటిని వేలం వేస్తుంది. దోసెల పిండికని కొందరు, కోళ్ళకని కొందరు కొంటారు.

మూడేళ్ళ కిందట కమిటీలో కుర్రవాళ్ళు ఈ పద్ధతి తీసేద్దామన్నారు. వాళ్ళ వాదనలో తప్పు లేదు. డ్రమ్ములో పురుగు పడుతోంది, ఎలుకలు వస్తున్నాయి. గోడ మీద క్యూఆర్ కోడు అంటించాక కానుక నేరుగా ఖాతాలో పడుతోంది. చిల్లర లెక్కపెట్టే బాధ నాకూ తప్పింది. నిజం చెప్పాలంటే కోశాధికారిగా నేను వాళ్ళ పక్షమే.

అయ్యగారు తమిళులు, తిరునెల్వేలి వైపు మనిషి. నెమ్మదిగా మాట్లాడతారు. అంతా విని ఇలా అన్నారు: "ఫోనులో ఇచ్చేవాళ్ళు ఇవ్వనీండి, సంతోషమే. కానీ చేతిలో రూపాయి ఆడని ఇంటావిడకు ఎవరినీ అడక్కుండా ఇచ్చే అధికారం ఉండేది ఒక్క బియ్యం డబ్బా దగ్గరే. అది కూడా తీసేస్తే ఆమె గుడికి వచ్చి తీసుకునేదే అవుతుంది, ఇచ్చేది కాదు." ఎలుకల సంగతికి మూత గట్టిగా ఉన్న డ్రమ్ము కొనమన్నారు. కొన్నాం.

ఇది మా ఊరి వింత కాదు. మిజోరంలో 1910 నుంచి ఇలాగే పిడికెడు బియ్యం తీస్తున్నారు. అక్కడి సంఘాలకు అదొక పెద్ద ఆదాయం. మన తెలుగునాట దోర్నకల్ బిషప్ అజరయ్యగారు, ఆయనా తిరునెల్వేలి తమిళులే, తెలుగు నేర్చుకుని మనవాళ్ళ మధ్యే జీవితం గడిపారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు. పేదసంఘమైనా విదేశీ డబ్బు మీద ఆనుకోకూడదనీ, తన కానుకతో తాను నిలబడాలనీ ఆయన పట్టుదల. ఆ విషయం మీద ఒక పుస్తకమే రాశారు. మా అయ్యగారు తరచు ఆయన మాట ఎత్తుతారు, ఊరివాడనే అభిమానం కూడా కొంత ఉందేమో!

అయ్యగారి ప్రసంగాల్లో పరలోకం తక్కువ, పొలం గట్లు ఎక్కువ. సంస్కారపు ఆదివారానికి ముందు వారం ఒకసారి, పొరుగువాడి గట్టు లోపలికి జరిపినవాళ్ళు ముందు గట్టు సరిచేసి ఆ తర్వాత రండి అన్నారు. నవ్వుకున్నాం. బుధవారం ఒకాయన పార పట్టుకుని నిజంగానే వెళ్ళాడు. ఎవరో రాయను. చిన్న ఊరు.

2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి గదా, ఆ ఆదివారం బ్యాంకులు తెరిచే ఉన్నాయి కనుక నేను గుడికి వెళ్ళలేకపోయాను. కానుకల సంచిలో మాత్రం ఎన్నడూ లేనన్ని అయిదువందల నోట్లు పడ్డాయట. "దేవుడైతే ఆధార్ అడగడని వేశారు" అన్నారు అయ్యగారు, సోమవారం వాటిని నా కౌంటరు దగ్గరకు తెస్తూ. 2020లో లాక్‌డౌన్ వచ్చి ఏప్రిల్ 12న ఈస్టరుకు గుడి మూసి ఉంది. డ్రమ్ములో పాత బియ్యం ఉన్నాయి. అగ్గిపెట్టెల పని, బీడీల పని నిలిచిన ఇళ్ళకు వాటిని పంచారు, అందులో మా గుడి మొహం చూడనివాళ్ళే ఎక్కువ. ముద్దా పలుకూ అని ఎవరూ అనలేదు.

ఇక మా మేనత్త సంగతి. చిన్న వయసులోనే భర్త పోయాడు. కొడుకు సంపాదన అంతంతమాత్రం. తమిళం మాట్లాడుతుంది గానీ చదవలేదు. ఆరాధనలో అందరూ తమిళ పాట పాడుతుంటే తను తెలుగు కీర్తన ఏదో అదే రాగంలో ఇరికించి పాడేది. పక్కవాళ్ళకు చిరాకు, నాకు నవ్వు. ఆఖరి ఏడాది మంచం పట్టింది. జ్ఞాపకం తగ్గేకొద్దీ తమిళం జారిపోయి, చిన్నప్పుడు పలమనేరులో మాట్లాడిన తెలుగు ఒక్కటే మిగిలింది. అయ్యగారు వచ్చి తమిళంలో ప్రార్థన చేస్తే ఎవరో కొత్తాయన అన్నట్టు చూసేది. రెండోసారి వచ్చినప్పుడు ఆయన చొక్కా జేబులోంచి కాగితం తీశారు. పరలోక ప్రార్థన, తెలుగు మాటలు, తమిళ అక్షరాల్లో. నా భార్య దగ్గర రాయించుకున్నారట. తమిళ అక్షరాల్లో మన గ, ద, బ లకు వేరే గుర్తులు లేవు కదా, ఉచ్చారణ ఎలా ఉందో మీరే ఊహించండి. అత్త కళ్ళు మూసుకుని పెదవులు కదిపింది. ఒకచోట ఆయన తప్పు పలికితే దిద్దింది కూడా.

అత్త 2023 వేసవిలో పోయింది. సమాధికి చోటు మాట్లాడుతుండగా ఒక సంఘ పెద్ద, మంచివాడే, నన్ను పక్కకు పిలిచి, ఆమెకు ఏళ్ళ తరబడి చందా బాకీ ఉంది, అది తేలకుండా గుంట తవ్వించడం ఆనవాయితీ కాదన్నాడు. మా పక్క ఊళ్ళలో ఈ కారణంగా శవం ఇంటి ముందు పెట్టుకుని అప్పు కోసం తిరిగిన కుటుంబాలు నాకు తెలుసు. నా జేబులో డబ్బుంది, కట్టేయగలను. కానీ రేపు జేబులో డబ్బు లేనివాడి సంగతేమిటి? ఇంటికి పోయి నియమాల పుస్తకం తెచ్చాను. బ్యాంకు వాళ్ళకు ఉన్న ఒకే విద్య అది. చందా కట్టనివారికి సంఘ ఎన్నికల్లో ఓటు లేదని ఉంది. సమాధి గురించి ఒక్క అక్షరం లేదు. అందరి ముందూ చదివాను.

అయ్యగారు పెద్దాయన భుజం మీద చెయ్యి వేసి, "చెల్లెమ్మ ఓటు అడగడం లేదు గదండీ" అన్నారు. ఆయన కాసేపు నేల చూసి, తవ్వేవాళ్ళను పిలవడానికి తనే వెళ్ళాడు. ఆ తర్వాత కమిటీలో చందాకూ సమాధికీ సంబంధం లేదని తీర్మానం రాశాం. ఇద్దరు ఇంకా సంతకం పెట్టలేదు. "ఇలాగైతే చందా ఎవరు కడతారు?" అన్నది వాళ్ళ ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నే. గుడి కరెంటు బిల్లు ప్రార్థనతో కట్టలేం.

మరుసటి ఆదివారం అత్త కోడలు పాత పాలపొడి డబ్బా పట్టుకొచ్చింది. అత్త మంచం పట్టాక కూడా, పూట పూటకూ డబ్బా దగ్గరకు తెప్పించుకుని తన చేత్తోనే వేసేదట. తెచ్చినవి కొలిచాను. అర పడికి కొంచెం తక్కువ. అన్నీ ఒకే రకం, రేషను బియ్యం. డ్రమ్ము మూత తీసి పోసి, పుస్తకంలో ఆ వారం మొత్తంలో కలిపి రాశాను.