గిట్టుబాటు

మా అవ్వ ఏ బేరం వచ్చినా ఒకటే అడిగేది: "గిట్టుతుందా?" ఆమె కూరగాయలు పండించి డర్బన్ ఎర్లీ మార్నింగ్ మార్కెట్‌లో అమ్మేది. విత్తనాల ఖర్చు, ఎరువు ఖర్చు, బండి కిరాయి పోగా చేతిలో ఏమైనా మిగిలితే బేరం గిట్టినట్టు. ఏమీ మిగలకపోతే గిట్టనట్టు. గిట్టుబాటు అన్న మాట నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఈ ఏడాది అది నాకు జిమ్ చందా విషయంలో పనికొచ్చింది.

నాకు 54 ఏళ్ళు. చాట్స్‌వర్త్‌లో ఉంటాను. రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం నాది. మా అమ్మకు షుగరు వల్ల రెండు కాలివేళ్ళు తీసేశారు. మా అక్క రోజూ ఇన్సులిన్ తీసుకుంటుంది. మన ఇళ్ళలో ఇలాంటి కథ లేని ఇల్లు తక్కువ. మార్చిలో నా రక్తపరీక్ష చూసి డాక్టరు గారు అన్నారు: "హద్దు దాకా వచ్చేశారమ్మా. మందు ఇప్పుడే మొదలుపెట్టను. ఒళ్ళు కదిలించండి. అక్టోబరులో మళ్ళీ చూద్దాం."

ఎంత కదిలించాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు చెప్పే లెక్క ఇది: వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవడం లాంటి పని. దానితోపాటు వారానికి రెండు రోజులైనా కండరాలకు బలం ఇచ్చే వ్యాయామం.

మా ఇంటికి దగ్గరలో ఒక జిమ్ ఉంది. 24 నెలల ఒప్పందం మీద సంతకం చేస్తే నెలకు 480 రాండ్లు. ఒప్పందం లేకుండా నెలనెలా కడితే 550. ఎలా చేరినా ప్రవేశ రుసుము 350. చందా లేకుండా ఒక్కరోజు వెళ్ళాలంటే టికెట్టు 90. అమ్మాయికి యూనివర్సిటీ ఫీజు కడుతున్నాం. మాకు 480 రాండ్లంటే ఒక వారం కూరగాయలు, పళ్ళు.

విషయం తెలిసి మా మామయ్య నవ్వాడు. "ఏమ్మా, మన తాతలు బరువులు మోస్తే దొర కూలి ఇచ్చాడు. నువ్వు బరువులు మోసి ఎదురు డబ్బిస్తావా?" అన్నాడు.

నేనూ నవ్వాను. కానీ ఆ మాట మనసులో ఉండిపోయింది. మద్రాసు నుంచి ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. ఆ రోజుల్లో నేటాల్‌కు వచ్చిన ఒప్పంద కూలీకి మొదటి ఏడాది జీతం నెలకు 10 షిల్లింగులు. వాళ్ళకు వ్యాయామం వేరుగా అక్కర్లేదు. అయితే ఆ చాకిరీని ఆరోగ్యం అని కూడా అనలేం. వాళ్ళ ఒళ్ళు అరిగిపోయింది. మన ఒళ్ళు కదలక పాడవుతోంది. రెండూ నష్టమే.

సరే, అవ్వ లెక్క వేద్దాం అనుకున్నాను. జిమ్‌కు నెలకు ఎంత అని అడిగితే జవాబు సగమే దొరుకుతుంది. ఒక్కసారి వెళ్ళడానికి ఎంత పడుతోంది అని అడగాలి. నెలకు 12 సార్లు వెళ్తే 480లో ఒక్కోసారికి 40 రాండ్లు. నాలుగుసార్లే వెళ్తే 120. అంటే టికెట్టు కంటే ఎక్కువ! ఐదుసార్లు వెళ్ళేవాళ్ళకు కూడా టికెట్టే చవక. ఆరోసారి నుంచే చందా గిట్టుతుంది.

అమెరికాలో ఇద్దరు ఆర్థికవేత్తలు, డెల్లావిన్యా, మాల్మెండియర్, ఇదే లెక్క వేశారు. వాళ్ళ పరిశోధన 2006లో అచ్చయింది. నెలకు 70 డాలర్లకు పైగా చందా కట్టేవాళ్ళు సగటున నెలకు 4.3 సార్లే వెళ్ళారు. ఒక్కోసారికి 17 డాలర్లకు పైగా పడింది. పది టికెట్ల పుస్తకం కొనుక్కుంటే వాళ్ళకు ఒక్కోసారికి 10 డాలర్లే అయ్యేది. చేరేటప్పుడు మనం రేపటి మనిషిని నమ్ముతాం. ఆ మనిషి ఇవాళ్టి మనిషి కంటే చురుకైనదని అనుకుంటాం.

అందుకే నేను వెంటనే సంతకం చేయలేదు. మూడు నెలలు టికెట్టు కొనుక్కుని వెళ్ళాను. వంటింటి క్యాలెండరులో వెళ్ళిన రోజల్లా చుక్క పెట్టాను. ఏప్రిల్‌లో ఎనిమిది చుక్కలు. మేలో ఆరు. జూన్‌లో మూడు. మొత్తం 17 టికెట్లు, 1,530 రాండ్లు. ఒప్పందంతో చేరి ఉంటే ప్రవేశ రుసుముతో కలిపి 1,790 అయ్యేది.

డబ్బు లెక్క కంటే చుక్కల లెక్కే నాకు ఎక్కువ చెప్పింది. జూన్‌లో ఎందుకు తగ్గాయి? చలికాలం ఒక కారణం. డర్బన్‌లో అప్పుడు సాయంత్రం ఐదింటికే పొద్దు కుంకుతుంది. కానీ చుక్కలు మళ్ళీ చూస్తే అసలు కారణం కనిపించింది. నేను వెళ్ళిన రోజులన్నీ దాదాపు పక్కింటి అక్క తోడొచ్చిన రోజులే. జూన్‌లో ఆమె జొహానెస్‌బర్గ్‌లో కూతురి ఇంట్లో ఉంది.

అప్పుడు ఇంకో ప్రశ్న వేసుకున్నాను. డబ్బు లేకుండా దొరికేది ఏమిటి? జిమ్‌లోనే దొరికేది ఏమిటి? నడకకు డబ్బు అక్కర్లేదు. సముద్రం ఒడ్డున నడవచ్చు. శనివారం పొద్దున నార్త్ బీచ్‌లో పార్క్‌రన్ ఉంటుంది. ఐదు కిలోమీటర్లు, ఉచితం, నడిచినా ఎవరూ ఏమీ అనరు. ఇంట్లో కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చున్నా కాళ్ళకు బలమే. కానీ పొద్దు కుంకాక ఆడవాళ్ళం వీధిలో నడవలేం. వెలుతురు, కాపలా ఉన్న చోటు, బరువులు ఎలా ఎత్తాలో చూపించే మనిషి: ఈ మూడూ నాకు జిమ్‌లోనే దొరుకుతాయి. వారానికి రెండు సాయంత్రాలు చాలు.

అక్క తిరిగి వచ్చాక ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. ఆగస్టులో చేరాం. ఒప్పందం లేకుండా, నెలకు 550 చొప్పున. రెండేళ్ళలో ఇది 1,680 రాండ్లు ఎక్కువే. అయినా అక్క మళ్ళీ కూతురి దగ్గరకు వెళ్ళవచ్చు, నా ఉద్యోగం మారవచ్చు. ఏ నెలైనా మానుకోగలగడానికి ఆ డబ్బు ఇస్తున్నాను. ఎనిమిదిసార్లు వెళ్తే ఒక్కోసారికి 69 రాండ్లు పడుతుంది. ఏడుకు తగ్గితే గిట్టదు. వరుసగా రెండు నెలలు తగ్గితే మానేయాలని ఇద్దరం అనుకున్నాం.

మీలో ఎవరైనా ఇప్పటికే ఒప్పందంలో ఉంటే ఇది తెలుసుకోండి. మన దేశంలో 2008 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఇలాంటి ఒప్పందాన్ని 20 పనిదినాల ముందు రాతపూర్వకంగా చెప్పి రద్దు చేసుకోవచ్చు. జిమ్ వాళ్ళు కొంత రుసుము అడగవచ్చు, కానీ అది న్యాయంగా ఉండాలి. "రెండేళ్ళూ కట్టి తీరాలి" అని ఎవరైనా అంటే ఆ మాట అక్కడే నమ్మేయకండి.

ఇంకా చేరనివాళ్ళు ముందు ఒక నెల చుక్కలు పెట్టి చూడండి. ఎన్నిసార్లు వెళ్ళారో, ఎవరితో వెళ్ళారో రాసుకోండి.

మా క్యాలెండరులో ఆగస్టుకు తొమ్మిది చుక్కలు, సెప్టెంబరుకు ఎనిమిది. రక్తపరీక్ష వచ్చే మంగళవారం. అక్క కూడా తోడొస్తానంది.