నదిలేని దీవిలో నీటి చదువు

మధ్యధరా సముద్రంలో, సిసిలీకి దక్షిణాన, మాల్టా అనే చిన్న దేశం వున్నది. అందులో రెండవ పెద్ద దీవి గోజో. దీవి అంతా సున్నపురాయే. ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. నది లేదు గనుక సముద్రంలోకి ఒండ్రు రాదు. ఒండ్రు రాదు గనుక నీరు అద్దంలా వుంటుంది. గోదావరి ఎర్రనీరు చూసి పెరిగిన కళ్ళకు, పడవ నీడ నీటి అడుగున ఇసుకమీద కనిపించడం వింతే మరి!

అక్కడి ష్లెండి రేవులో నీట మునిగి తిరగడం నేర్పే చిన్న బడిలో చేరాను. వీపున గాలి సిలిండరు, నోట్లో రబ్బరు గొట్టం, నడుముకు సీసపు బరువులు. రోజూ పాఠం చెప్పే నోరు మూతపడింది. నాకంటె పదిహేనేళ్ళు చిన్నవారైన గురువుగారు చెప్పిన మొదటి సూత్రం: "ఏం జరిగినా ఊపిరి బిగపట్టకండి."

మనం నేర్చినదానికి ఇది పూర్తిగా ఎదురు. కాలవలో మునిగే కుర్రవాడు గుండెలనిండా గాలి పీల్చి బిగబడతాడు. ప్రాణాయామంలో కుంభకానికున్న గౌరవం సరేసరి. కాని యిక్కడి లెక్క వేరు. 1943లో కూస్తో, గాన్యా అనే ఫ్రెంచివారు రూపొందించిన సాధనం, ఏ లోతున ఆ లోతు ఒత్తిడితోనే గాలి అందిస్తుంది. 10 మీటర్ల లోతున ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు. అక్కడ పీల్చిన గాలిని బిగబట్టి పైకి తేలితే, అది రెట్టింపుగా ఉబ్బి ఊపిరితిత్తులను చీల్చగలదు.

నీటికింద చేతులే భాష. బొటనవేలు పైకెత్తితే "భేష్" అని కాదు, "పైకి పోదాం" అని. బొటనవేలినీ చూపుడువేలినీ కలిపితే "క్షేమం". అచ్చంగా మన చిన్ముద్రే!

రెండవనాడు పరీక్ష. అడుగున మోకాళ్ళమీద కూర్చుని, మాస్కు తీసి, మళ్ళీ పెట్టుకుని, ముక్కుతో గాలి ఊది నీళ్ళు వెళ్ళగొట్టాలి. తీయగానే చన్నీళ్ళు ముక్కులో చేరాయి. లోకం మసకైంది. పైకి లేవాలని కాళ్ళు తొందరపడ్డాయి. వెలుతురు నాలుగు మీటర్ల దూరమే! గురువుగారి చెయ్యి భుజంమీద ఆనింది. పట్టుకోలేదు, ఆనించారంతే. ఒక ఊపిరి విడిచాను. ఒకటి పీల్చాను. మూడవ ఊపిరికి భయం తన దారిన పోయింది.

శిక్షణ ముగిశాక ద్వేయ్‌రా తీరానికి వెళ్ళాం. అక్కడ "నీలి కిటికీ"గా ప్రసిద్ధికెక్కిన రాతి తోరణం 2017 మార్చి 8న తుపానులో కూలిపోయింది. పక్కనే వున్న గుంటలో దిగి, రాతి కమాను కిందుగా సముద్రంలోకి పోయి చూశాం. కూలిన బండలమీద నాచు పట్టింది. సందుల్లో చేపలు కాపురం పెట్టాయి. పైన పోయిందని లోకం విచారించిన తోరణం, కింద ఒక వూరైంది.

నలభై దాటాక యివన్నీ మనకెందుకనుకునే పాఠకులకు ఒక్కమాట. కాస్త ఈత వచ్చి, డాక్టరుగారు సరేనంటే చాలు. తిరుగు విమానానికి మాత్రం ఆఖరి మునక తరువాత 18 గంటలైనా ఆగండి. ఊపిరి సంగతి ముందే మనవి చేశాను.